బాకీ అనే మాట ఎవరిది

పోయిన నెల మా యారాలి కూతురు తన కొత్త ఇంటి గృహప్రవేశానికి పిలవడానికి కల్యాణ్‌లోని మా ఫ్లాటుకు వచ్చింది. తోడికోడలిని మావైపు యారాలు అంటారు. పిల్ల నాకు బొట్టు పెట్టి, చీర చేతిలో పెట్టి, టీ కప్పు అందుకునేలోగానే ఆఫీసు నుంచి ఫోను రావడంతో నా డైనింగ్ టేబుల్ మీదే ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. మీ ఇళ్ళల్లోనూ పిల్లలు ఇట్లాగే చేస్తారు కనుక నేనేమీ అనుకోలేదు. కానీ ఊరికే కూర్చోలేని స్వభావం నాది, వెనక నిలబడి చూశాను. నల్లటి తెర మీద బారులు తీరిన అక్షరాల నడుమ ఒక్క మాట మాత్రం ముదురు పసుపు రంగులో వెలుగుతోంది. ఏమిటే అది అని అడిగాను.

"అది టుడూ, పెద్దమ్మా. ఇక్కడ ఇంకా పని మిగిలుందని గుర్తు. దునియా మొత్తం ఇట్లనే రాస్తరు," అంది తల తిప్పకుండానే.

దునియా సంగతి నాకు తెలియదు. ఎనభైల్లో నేను పనిచేసిన ఆఫీసులో మాత్రం దానికి వేరే మాట ఉండేది. ఆ మాటను తెచ్చింది ఈ పిల్లను కన్నతల్లి అని అక్కడ అందరూ చెప్పుకునేవారు. నేను చెప్పుకోలేదు. అది గుర్తుకు రాగానే, మోకాళ్ళ నొప్పులకు మాత్రలు మింగే ఈ వయసులో కూడా, కడుపులో సన్నగా ఒక సెగ లేచింది. అసూయకు ముసలితనం రాదు కాబోలు.

మా మామగారి తండ్రి పాలమూరు జిల్లా నుంచి కట్టుబడి పనికి బొంబాయి వచ్చినవాడు. ఆయన కామాఠిపురలో అద్దెకు తీసుకున్న ఒక్క గదిలోనే మా మామగారు పుట్టి, మేస్త్రీ అయి, ఇద్దరు కొడుకులను పెంచి, ఇద్దరు కోడళ్ళను తెచ్చుకున్నాడు. మాళా అని పిలుచుకునే అటక ఒకటి, మూలన స్నానానికీ గిన్నెలు తోమడానికీ మోరి ఒకటి, బయట అందరికీ కలిపి ఒక పొడుగాటి వరండా. నేను రెండు గల్లీల అవతల పుట్టినదాన్నే. మునిసిపాలిటీ తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివి, ఫాక్‌లాండ్ రోడ్డు మీది ఒక టైపింగ్ క్లాసులో చేరి, పరీక్ష పాసై, ఫోర్టులో ఒక కంప్యూటర్ ఆఫీసులో డేటా ఎంట్రీ పనికి కుదిరాను. పెద్ద కోడలిగా నేను ఆ గదిలో కాలు పెట్టేసరికే నా ఉద్యోగం వరండా అంతటా తెలిసిపోయింది. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు నాకు దారి ఇచ్చేవారు. మా అత్త ఎవరొచ్చినా మా పెద్ద కోడలు కంప్యూటర్ల పనిజేస్తది అని, నేనేదో దాని లోపలే కాపురం ఉంటున్నట్టు చెప్పేది. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే అంత గౌరవం, మీలో ఆ తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళేవాళ్ళం, గుడికి వెళ్ళినట్టు.

ఆ గౌరవం రెండేళ్ళు కూడా నిలవలేదు. మా మరిదికి వర్లిలో తెలుగువాళ్ళుండే వరుస గదుల చాల్ నుంచి సంబంధం కుదిరింది. పిల్ల బీఎస్సీ చదివింది, పైగా ఏదో ప్రోగ్రామింగ్ కోర్సు కూడా చేసింది. పెళ్ళయిన కొన్నాళ్ళకు మా ఆఫీసులో ఒక ప్రోగ్రామర్ ఖాళీ ఏర్పడితే, ఇంట్లో అందరి ముందూ మంచి అనిపించుకోవాలని, ఆ కబురు తెచ్చింది నేనే. ఆమెకు ఉద్యోగం వచ్చింది. నేను బయటి హాలులో ఇరవైమందితో కలిసి టకటకమని మీటలు కొట్టే చోటే ఉండిపోయాను, ఆమె గాజు తలుపు అవతల ఏసీ గదిలోకి వెళ్ళిపోయింది. ఆ గదిలో చలికి తట్టుకోలేదని మా అత్త ఆమెకు మెరూన్ రంగు స్వెటర్ కొనిపెట్టింది. మే నెల బొంబాయిలో, వరండాలో చెమటలు కక్కుతూ జనం విసనకర్రలు విసురుకుంటుంటే, మా దండెం మీద ఆ ఉన్ని స్వెటర్ ఆరుతుండేది. దారిన పోయేవాళ్ళంతా ఆగి ఎవరిదని అడిగేవారు. ఒక మనిషి స్వెటర్ మీద ఇంకొక మనిషి అంతగా కుళ్ళుకోగలదని అప్పటిదాకా నాకూ తెలియదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆఫీసులో ఎవరైనా ఎక్కడుంటారని అడిగితే నేను బొంబాయి సెంట్రల్ దగ్గర అనేదాన్ని. వేశ్యావాడగా ఊరంతా ఎరిగిన మా పేట పేరు చెబితే మనుషుల మొహాలు ఎట్లా మారతాయో చిన్నప్పటినుంచీ చూసినదాన్ని. ఆమె మాత్రం కామాఠిపుర, ఫలానా గల్లీ అని నేరుగా చెప్పి, ఎదుటివాళ్ళు కళ్ళు దించుకునేదాకా వాళ్ళ మొహంలోకే చూసేది. వర్లిలో పుట్టి మా పేటకు వచ్చి ఏడాది కాలేదు, ఆ పేటలోనే పుట్టిన నాకు లేని ధైర్యం ఆమెకు ఎక్కడిదో అర్థమయ్యేది కాదు.

ఇప్పుడు ఆ మాట సంగతి. ఆ కాలంలో ప్రోగ్రామర్లు పెన్సిలుతో గడుల కాగితాల మీద ప్రోగ్రాం రాసేవారు. ఆ కాగితాలు మా దగ్గరికి వస్తే మేము కొట్టేవాళ్ళం. ఏడో గడిలో నక్షత్రం గుర్తు ఉంటే ఆ వరుస యంత్రానికి కాదు, మనుషులకు. యంత్రం దాన్ని చదవకుండా దాటిపోతుంది. రాసేవాళ్ళు తమకోసమో, తర్వాత వచ్చేవాళ్ళకోసమో అక్కడ నాలుగు మాటలు రాసుకునేవారు. పని సగంలో ఆగినచోట ఒక్కొక్కరిది ఒక్కొక్క అలవాటు. అందరికంటే సీనియర్ అయిన తమిళాయన మూడు ఎక్స్‌లు వేసి ఊరుకునేవాడు. ఒక గుజరాతీ అబ్బాయి వరుసంతా ప్రశ్నార్థకాలతో నింపేవాడు. ఇంకొకాయన తర్వాత చూద్దాం అని రాసి, ఆ తర్వాత ఎన్నటికీ చూసేవాడు కాదు. ఆ గుర్తులు రాసినవాళ్ళకు తప్ప ఇంకొకరికి తెలిసేవి కావు, కొన్నాళ్ళకు వాళ్ళకూ తెలిసేవి కావు.

ఇంట్లో మా యారాలి అలవాటు వేరే. ఏ పనీ ఒక్క పట్టున ముగించేది కాదు. సగం బియ్యం ఏరి చేట పక్కన పెట్టి లేచేది. బట్టలు నానబెట్టి, వరండాలో ఎవరితోనో మాటల్లో పడేది. నేను పెద్దదాన్ని కదా, వెనకాలే తిరుగుతూ బియ్యం బాకీ, బట్టలు బాకీ, మోరి కడిగేది బాకీ అని వినిపించేదాన్ని. తెలుగుదేశంలో బాకీ అంటే అప్పు. మా బొంబాయి తెలుగులో, అటు హిందీ ఇటు మరాఠీ గాలికి, మిగిలిపోయిన పనంతా బాకీయే. ఆ మాట నా నోట్లో నానీ నానీ చివరికి మా అత్త కూడా నన్ను చూస్తే బాకీ వస్తోంది అని నవ్వేది.

ఒకరోజు ఆమె రాసిన కాగితాల కట్ట నా బల్ల మీదికి వచ్చింది. కొట్టుకుంటూ పోతున్నాను. నక్షత్రం గుర్తు, దాని పక్కన ఇంగ్లీషు పెద్దక్షరాల్లో అయిదు అక్షరాలు. నా వేళ్ళు ఆగిపోయాయి. బాకీ. దాని పక్కన ఏం మిగిలిందో, ఎవరు చెయ్యాలో, ఏది తెలిస్తే అది ముందుకు కదులుతుందో, అంతా పొందికగా ఉంది. ఇంట్లో నేను ఆమెను సాధించడానికి వాడిన మాటను ఆమె ఏసీ గదిలోకి తీసుకుపోయి పీట వేసి కూర్చోబెట్టింది. ఆ అయిదు అక్షరాలనూ మొదటిసారి యంత్రంలోకి ఎక్కించింది మాత్రం నా వేళ్ళే.

మా పెద్దసారు మరాఠీ మనిషి. ఆ మాట చూసి తెగ సంబరపడిపోయాడు. గుజరాతీకీ, తమిళుడికీ, పంజాబీకీ, ఆఫీసులో టీ ఇచ్చే మనిషికీ కూడా అర్థమయ్యే మాట అన్నాడు. అప్పటినుంచి ఎవరు పని సగంలో ఆపినా ఆమెలాగే రాయాలని చెప్పాడు. ప్రోగ్రాములన్నింటిలోంచీ ఆ వరుసలను ఏరి అచ్చువేసే చిన్న ప్రోగ్రాం ఒకటి కూడా ఆమె చేత రాయించాడు. శనివారం ఆ కాగితం గోడకు అంటించేవారు. పని చేసి ముగించినవాళ్ళు ఆ బాకీ వరుసను తీసెయ్యాలని నియమం. ఆమెకు బాకీబాయి అని ముద్దుపేరు వచ్చింది. ఇంటికి వచ్చి మా ఆయనతో చెప్పుకుంటే, మాటలకేమైనా పట్టాలుంటాయా అని నవ్వి పక్కకు తిరిగాడు. తప్పుల్లేకుండా కొట్టడంలో ఆ హాలులో నన్ను మించినవాళ్ళు లేరు. పూర్తిచేసిన పనికి నాకు ఒక్క మెచ్చుకోలు దొరకలేదు. పూర్తికాని పనికి ఆమెకు ముద్దుపేరు! ఈ న్యాయం మీరెవరైనా విన్నారా?

కానీ ఆ బాకీ వరుసలే నాకు చదువయ్యాయి. ప్రోగ్రాంలో మిగతాదంతా నాకు మంత్రాల్లాంటిది. ఆ వరుసలు మాత్రం మామూలు మాటల్లో ఉండేవి. ఇక్కడ ఇది జరగాలి, ఇంకా జరగలేదు అని అవి చెబుతుంటే, వాటి పైనా కిందా ఉన్నది దేనికోసమో మెల్లమెల్లగా తెలిసివచ్చేది. ఆదివారం మధ్యాహ్నాలు, ఇంటిల్లిపాదీ కునుకు తీస్తుంటే, పాత గిన్నెలు దింపే నెపంతో అటక ఎక్కి ఆమె కోర్సు నోట్సు చదివేదాన్ని. చదువు మీద ప్రేమతో కాదు. ఆమెకు తెలిసినది నాకు తెలియకపోవడం భరించలేక.

ఆ సమయంలో మా ఆఫీసుకు ఒక పరీక్షల సంస్థ పని వచ్చింది. టైపింగు, షార్ట్‌హ్యాండు పరీక్షల ఫలితాలు రాష్ట్రమంతటికీ మా యంత్రమే అచ్చువేయాలి. ఆ ప్రోగ్రాం ఆమెదే. ఏడో నెల కడుపుతో బస్సు ఎక్కి దిగుతూనే రాసింది. ఇంకా మూడు బాకీలు మిగిలి ఉండగా ఒక ఉదయం కాళ్ళు వాచి, కళ్ళు తిరిగి పడిపోయింది. రక్తపోటు బాగా పెరిగిందని, కాన్పు దాకా మంచం దిగడానికి వీల్లేదని డాక్టరు ఆసుపత్రిలో ఉంచేసింది. ఆఫీసులో ప్రోగ్రామర్లంతా వేరే పనుల్లో పీకల్లోతు మునిగి ఉన్నారు. ఫలితాల కోసం వేలమంది పిల్లలు ఎదురుచూస్తున్నారు, ఆ పరీక్ష పాసైతేనే వాళ్ళకు ఎక్కడైనా గుమాస్తా పని దొరుకుతుంది. పెద్దసారు నన్ను పిలిచి, ఆ మూడూ ఎట్లా చెయ్యాలో మీ చెల్లెలిని అడిగి రా అన్నాడు.

ఆసుపత్రికి వెళ్ళేదారిలో బస్సులో నా మనసులో ఒకటే ఆలోచన. అడగను. ఊరికే వెళ్ళి చూసి వచ్చి, అడిగానని చెప్పి, నేనే చేసేస్తాను. వార్డులో ఆమె మొహం ఉబ్బి, పెదవులు ఎండి, గుర్తుపట్టలేనట్టు ఉంది. నేను స్టూలు మీద కూర్చున్నాను. పండ్ల సంగతి, మా అత్త సంగతి మాట్లాడాను. ఆఫీసు ఊసెత్తలేదు.

ఆమే ఎత్తింది. "మూడు బాకీలున్నయ్ గదక్కా. నువ్వు జెయ్యి."

"నేనెట్ల జేస్తనే? నాకేమొస్తది?"

"నాకు తెల్వదా? అటకెక్కి నా నోట్సు సదువుతున్నవ్. పేజీలకు పసుపు మరకలు అంటుతున్నయ్." నవ్వబోయి, ఓపిక లేక ఆగిపోయింది. "సారుకు నేను చెప్పిన్నని చెప్పు. అక్కకొస్తదని చెప్పు."

నేను లాక్కుందామనుకున్న పనిని ఆమె రెండు చేతులతో నా ఒళ్ళో పెట్టింది. ఆ మంచం పక్కన నాకు ఆమె మీద జాలి కలగాలి, కలిగింది కూడా. కానీ దాని అడుగున, దొంగిలించే అవకాశం కూడా ఇవ్వలేదే అని ఉడుకుమోత్తనం. ఇది చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

పెద్దసారు ముందు ఒప్పుకోలేదు. ఆమె చెప్పిందనేసరికి, తమిళాయనను ఒక కన్నేసి ఉంచమని చెప్పి, సరే అన్నాడు. మరునాడు బయలుదేరుతుంటే మా అత్త వెనకనుంచి పిలిచింది.

"అగో పిల్లా, గా సలి అర్రల గూసుంటవ్, స్వెటర్ తీస్కపో."

నాకొద్దు అన్నాను. ఆ రోజంతా కొంగు రెండు భుజాల చుట్టూ కప్పుకుని, పళ్ళు టకటక కొట్టుకుంటుండగా ఆ గాజు గదిలో కూర్చున్నాను.

మూడు బాకీల్లో మొదటిది, పరీక్షకు రానివాళ్ళకు సున్నా మార్కులు పడుతున్నాయి, అట్లా కాకుండా హాజరు కాలేదని రావాలి. రెండోది, ఒక పేపరు ముందే పాసై తప్పిన పేపరు మాత్రమే మళ్ళీ రాసినవాళ్ళకు పాత మార్కులు తెచ్చి కలపాలి. మూడోది, పొడుగు పేర్లు గడిలో పట్టక తెగిపోతున్నాయి, రెండో వరుసలోకి జరగాలి. నేను మొదటిది చేసి నడిపిస్తే రాష్ట్రం మొత్తంలో ఒక్కరూ పరీక్షకు రాలేదని అచ్చయింది. తమిళాయన కడుపు పట్టుకుని నవ్వి, ఒక ఫుల్‌స్టాప్ తప్పు చోట పడిందని చూపించాడు. రెండోది నన్ను ఏడిపించింది. పాత మార్కులున్న టేపులో కొందరి నంబర్లు మారిపోయాయి. ఆయన పక్కన కూర్చోకపోతే అది నా వల్ల అయ్యేది కాదు. మూడోది మాత్రం పూర్తిగా నాదే. సరిగ్గా వస్తోందో లేదో చూడటానికి మా మామగారి పేరు, ఇంటిపేరుతో, తండ్రి పేరుతో సహా కొట్టాను. అది తెగకుండా రెండు వరుసల్లో వచ్చినప్పుడు ఆ చలిలో కూడా నా చెవులు వేడెక్కాయి.

ఒక్క సంగతి దాచను. ఆమె ఆ మూడు చోట్లా ఏం జరగాలో, ఏ టేపు చూడాలో, ఎవరిని అడగాలో రాసిపెట్టకపోయి ఉంటే, నేను ఆ గదిలో ఒక్క పూట నిలిచేదాన్ని కాదు. నడిచింది నేనే గాని, దీపం పెట్టి ఉంచింది ఆమె. నా గెలుపులో కూడా ఆమెకు వాటా ఉండటమే నాకు అన్నిటికంటే మింగుడుపడలేదు.

పని అయ్యాక నియమం ప్రకారం ఆ బాకీ వరుసలు తీసెయ్యాలి. తీసేశాను. అప్పుడు గమనించాను. ప్రోగ్రాం మొదట్లో రాసినవారి పేరు అని ఉన్నచోట ఆమె పేరు. ఇక నేను చేసిన దానికి ఎక్కడా గుర్తు లేదు. మిగిలిన పనికి పేరుంది, ఊరుంది, గోడ మీద చోటుంది. ముగిసిన పని నీళ్ళలో గీసిన గీత. ఫలితాలు సకాలంలో వెళ్ళాయి. పెద్దసారు మిఠాయి డబ్బా పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళి ఆమెను అభినందించి వచ్చాడు. నాకు మరుసటి ఉదయం మామూలుగా హాలులో కొత్త కాగితాల కట్ట వచ్చింది.

ఆడపిల్ల పుట్టింది. కొన్ని నెలలకు ఆమె తిరిగి ఆఫీసుకు వచ్చింది. ఆ ప్రోగ్రాం అచ్చు తీయించి, చదివి, మధ్యాహ్నం డబ్బా తినేవేళ నా పక్కన కూర్చుంది.

"పేర్ల సంగతి మస్తు జేసినవక్కా. నాకు గంత మంచిగ తట్టకపోవు. మీద నా పేరు పక్కన నీ పేరు ఎక్కిస్త."

"నీ పేరు పక్కన నాకెందుకే," అన్నాను. "వద్దు."

ఆమె తన డబ్బాలోని ఊరగాయ తీసి నా రొట్టె మీద వేసింది. నేను తిన్నాను. ఆ ఊరగాయ పెట్టింది నేనే కదా.

వారం తిరక్కుండా పెద్దసారు నన్ను పిలిచి, ట్రెయినీగా లోపలి గదిలోకి రమ్మన్నాడు. ఎవరు చెప్పారో అడగలేదు, అడగనక్కర్లేదు. ఆ తర్వాత అదే వృత్తిలో రిటైరయ్యేదాకా బతికాను, ఇద్దరు పిల్లలను చదివించాను, ఈ ఫ్లాటు కొనుక్కున్నాను. పదో తరగతి చదివిన కామాఠిపుర కోడలికి అది తక్కువ కాదు. అయినా నా బతుకులో జరిగిన ఆ ఒక్క మంచి మలుపూ ఆమె నోటిమాటతో జరిగిందన్న సంగతి, చెప్పులో రాయిలా, ఇన్నేళ్ళూ నాతో నడిచింది. ఆమె ఏడాది తర్వాత పెద్ద కంపెనీకి మారింది. వాళ్ళు వాషీకి వెళ్ళారు, మేము కల్యాణ్ వచ్చాము. ఆ గదిలో మామగారు పోయేదాకా అత్తామామలే ఉన్నారు. తర్వాత తాళం పడింది.

ఇప్పుడు అప్పుడప్పుడు అనిపిస్తుంది, అసూయ పడాలంటే కూడా మనుషులు దగ్గరగా ఉండాలని. ఆ గదిలో ఆమె ఏం తిన్నదో, ఏం కట్టుకున్నదో, ఎవరిచేత ఏ మాట అనిపించుకున్నదో నాకు తెలియకుండా జరిగేది కాదు. రాత్రి పక్కమీద ఆమె ఇటు తిరిగితే నాకు జాగా తగ్గేది. నేను దగ్గితే ఆమె లేచి నీళ్ళిచ్చేది. కుళ్ళుకున్న మనిషి చేతి నీళ్ళే తాగాను. ఈ పిల్లలకు అటువంటివి తెలియవు. ఒకరి పని ఒకరికి కనిపించదు, ఒకరి వంట ఇంకొకరి ముక్కుకు తగలదు. ఒకే కంపెనీలో పనిచేస్తూ మొహాలు చూసుకోనివాళ్ళున్నారట. గొడవలు తగ్గాయి, నిజమే. తలుపులు వేసుకుని అందరూ సుఖంగా ఉన్నారు.

మేమిద్దరం కూడా అంతే. పండుగలకూ, ఎవరింట్లోనైనా శుభకార్యానికీ కలుస్తాం, మధ్యలో ఫోన్లు. మొన్న ఆదివారం ఆమె చేసింది. అంతా బాగుందక్కా అంది. మాదగ్గర కూడా అంతా బాగుంది అన్నాను. అంతటితో ఇద్దరం ఫోను పెట్టేశాం. ఆ తర్వాత చాలాసేపు ఫోను చేతిలో పట్టుకునే కూర్చున్నాను. అంతా బాగుంది అనే మాట మీద ఎవరైనా ఎట్లా అసూయ పడగలరు?